ఊరికే కూర్చున్నవాడు

ధరణికోటలో పాత మట్టికోట గోడ ఇప్పుడొక దిబ్బ. దాని మీద తుమ్మచెట్లు, రేగుకంపలు, వానకి కోసుకుపోయిన చోట బయటపడ్డ ఇటుక ముక్కలు. ఒక మాఘమాసం పొద్దున ఆ దిబ్బ మీద కూర్చుని కృష్ణ వైపు చూస్తున్నాను. గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఒకరు ఆగారు.

“ఏందబ్బాయ్, ఒక్కడివే కూర్చున్నావు? ఎవురింటికొచ్చావు?”

“ఎవరింటికీ కాదు బాబాయ్. ఊరికే కూర్చున్నా.”

“ఊరికేనా? ఒంట్లో బాగానే ఉందా?”

మన పల్లెల్లో ఒక్కడే కూర్చున్న మనిషికి ఎదురయ్యే ప్రశ్నలివే. ఎవరి తాలూకు నువ్వు? నీకేం కష్టమొచ్చింది? తనలో తాను మాట్లాడుకునేవాడికి గాలి సోకిందంటారు. పొలం గట్టున మౌనంగా నిలబడ్డ రైతుని చూస్తే పురుగుమందు డబ్బా గుర్తొచ్చి భయపడతారు. ఒంటరిగా కూర్చోవటానికి ఏదో ఒక కారణం చూపించాలి.

అయితే ఈ ప్రశ్నలు పుట్టిన నేలకి ఇంకో చరిత్ర ఉంది. ధరణికోటే పూర్వపు ధాన్యకటకం. ఆనుకుని ఉన్న అమరావతిలో మహాస్తూపం. వందల ఏళ్ళపాటు ఇక్కడ మనుషులు పనిగట్టుకుని మౌనంగా కూర్చున్నారు, ఊరు వాళ్ళకి అన్నం పెట్టింది. ఏకాంతమంటే మనవాళ్ళు ఏమనుకున్నారు, అది ఎవరికి దక్కింది, ఎవరికి శిక్షయింది, ఈరోజు దాని సంగతేమిటి? ఈ దిబ్బ దగ్గర నుంచే చూద్దాం.

మాటల్లో ఏముంది

ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు అని వ్యాసాలు రాసేవాళ్ళందరూ చెబుతారు. మొదటిది బాధ, రెండోది భాగ్యం. ఇంతవరకూ నిజమే. కానీ తెలుగు వాడుకలో ‘ఏకాంతం’ ఇంకో విచిత్రం చేస్తుంది. “మీతో కాస్త ఏకాంతంగా మాట్లాడాలి” అంటే అక్కడ ఇద్దరున్నారు. కొత్త దంపతులకి ఏకాంతం కల్పించామంటే అక్కడా ఇద్దరే. తిరుమలలో రోజు చివర జరిగేది ఏకాంత సేవ. స్వామిని ఉయ్యాల మంచం మీద పవళింపజేసి, తాళ్ళపాక వంశీకుల జోలపాట అయ్యాక, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇచ్చి, తలుపులు వేసి అందరూ బయటికి వస్తారు. అంత జనం మధ్య ఉండే దేవుడికైనా ఏకాంతం దొరికేది భక్తులు లేచి వెళ్ళినప్పుడే. తెలుగులో ఏకాంతమంటే మనుషులు లేని చోటు కాదన్నమాట. ఉన్న మనుషులు పక్కకి తప్పుకున్న వేళ.

‘ఊరికే’ అన్న మాట కూడా ఇలాంటిదే. పనీపాటా లేకుండా ఉన్నాడని తిట్టటానికి వాడతాం. ‘ఊరకుండు’ అంటే నోరు మూసుకోమని కసురు. తిరువణ్ణామలైలో రమణ మహర్షి తమిళంలో చెప్పిన ‘సుమ్మా ఇరు’ని తెలుగులోకి తెచ్చుకుంటే వచ్చేదీ ఆ ‘ఊరక ఉండు’ అన్న మాటే. అక్కడ అది కసురు కాదు, సాధన. జీవితమంతా గొడవపడ్డ రచయిత చలం 1950లో బెజవాడ వదిలి అరుణాచలం చేరుకుని, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ఏకాంతమూ ఒంటి మనిషి వ్యవహారం కాదు. చుట్టూ కూతురు సౌరిస్, ఇంటివాళ్ళు, వచ్చేపోయేవాళ్ళు ఉన్నారు.

వానాకాలపు గదులు

బౌద్ధ భిక్షువులంటే అడవిలో, కొండగుహలో ఊహించుకుంటాం. ధాన్యకటకం అడవి కాదు, శాతవాహనుల కాలపు పెద్ద పట్నం. 1960ల తవ్వకాల్లో ధరణికోటలో పడవలు వచ్చే కాలువ, సరుకు దించే రేవుకట్ట బయటపడ్డాయి. రేవు ఉన్నచోట బేరాలు, అరుపులు, బళ్ళ చప్పుడు తప్పవు. ఆ చప్పుడుకి కూతవేటు దూరంలో విహారాలుండేవి. అదే కృష్ణకి ఎగువన, మాచర్ల దగ్గర, నాగార్జునకొండలో బయటపడిన విహారాల్లో మధ్య మండపం, దాని చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు. ఎవరి గది వాళ్ళదే, వాకిలి మాత్రం అందరూ కూర్చునే చోటుకి తెరుచుకుంటుంది. ఈ పురాతన కట్టడాలను చూస్తే ఒక మనిషికి ఎంత ఏకాంతం కావాలో, ఎంత సాంగత్యం కావాలో ఇటుకలతో కొలిచి కట్టినట్టుంటుంది.

భిక్షువులు ఏడాదిలో మూడు నెలలు, వానాకాలమంతా, తిరగకుండా ఒకేచోట ఉండాలి. వర్షావాసమంటారు. ఆ మూడు నెలలూ లోపలికి చూసుకోవటానికే. అది ముగిసే రోజున జరిగే తంతు పేరు ప్రవారణ. ఒక్కో భిక్షువు సంఘం ముందుకొచ్చి, నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఉంటే చెప్పండని అడగాలి. ఆత్మవిమర్శ ఒంటరిగా చేసుకునే పని అని మనమనుకుంటాం. వాళ్ళు మాత్రం మూడు నెలలు లోపలికి చూసుకున్నాక కూడా ఆ లెక్కని నమ్మలేదు, పక్కవాళ్ళ చేత సరిచూపించుకున్నారు. తన వీపు తనకి కనపడదు కదా.

7వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ నాటికే చాలా విహారాలు పాడుబడ్డాయి. ఆయన వర్ణించిన రాజధాని ధరణికోటా, బెజవాడా అని చరిత్రకారులు వాదించుకున్నారు గానీ, ఆయన విని రాసుకున్న కథ మాత్రం ధాన్యకటకానిదే. భావవివేకుడనే మహాపండితుడు మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికుండి ఆయన్ని చూడాలనుకున్నాడట. ఏళ్ళ తరబడి జపం చేసి, మంత్రించిన ఆవగింజలతో ఒక బండరాతిని కొడితే అది వాకిలిలా తెరుచుకుంది. గుమ్మం మీద నిలబడి వెనక్కి తిరిగి, చేరిన జనాన్ని “రండి” అని పిలిచాడు. అది పాముల పుట్ట అని వాళ్ళు భయపడ్డారు. ఆరుగురు మాత్రం వెంట వెళ్ళారు. రాయి మూసుకుపోయింది.

అది నిజంగా జరిగిందా లేదా అన్నది మన ప్రశ్న కాదు. ఏకాంతం మీద ఇంత గొప్ప కథ అల్లినవాళ్ళు కూడా తమ నాయకుణ్ణి ఒంటరిగా లోపలికి పంపలేకపోయారు, గమనించండి. గుమ్మం మీద ఆగి పిలిచే ఆ క్షణం లేకపోతే ఈ కథలో మిగిలేది రాయి, మంత్రం, అంతే.

ఇంతమంది ఊరికే కూర్చోవటానికి ఖర్చు ఎవరు పెట్టారు? అమరావతి రాళ్ళ మీద ఆ చిట్టా ఉంది. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, తల్లులు, కూతుళ్ళు. అందులో విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘట శిల్పం చెక్కిన పలక ఇచ్చాడు. తోలుపని చేసేవాడికి ధ్యానానికి తీరిక ఉందో లేదో శాసనం చెప్పదు. ధ్యానం చేసుకునేవాడి చోటుకి అతని కష్టార్జితం చేరిందని మాత్రం చెబుతుంది.

చేసిన పని ముందు

భిక్షువుల సంగతి సరే, లోకవ్యవహారంలో తలమునకలైనవాళ్ళు ఎప్పుడు తమవైపు చూసుకున్నారు? పల్నాడు జ్ఞాపకంలో రెండు పేర్లు వినపడతాయి.

మొదటివాడు బ్రహ్మనాయుడు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడు. కారెంపూడి యుద్ధంలో అంతా పోగొట్టుకున్నాక గుత్తికొండ బిలంలోకి తపస్సుకి వెళ్ళిపోయాడని జనం చెప్పుకుంటారు. అందర్నీ పంక్తిలో కూర్చోబెట్టినవాడు చివరికి ఒంటరిగా చీకట్లోకి నడవటం ఆ కథలో నన్ను ఎప్పుడూ నిలబెట్టే చోటు. ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల గుడి దగ్గర జనం ఆ యుద్ధాన్ని తలుచుకుంటారు. ఆ బిలంలో ఆయన ఏం ఆలోచించి ఉంటాడన్నది ఏ కథకుడూ పాడడు.

రెండోవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, అమరావతి జమీందారు. చెంచులని విందుకి పిలిచి నరికించాడని, ఆ తర్వాత విస్తట్లో అన్నం పురుగుల్లా కనపడేదని, ఆ పాపభయంతోనే చింతపల్లి విడిచి అమరేశ్వరుడి పాదాల దగ్గరికి వచ్చి గుళ్ళు కట్టించాడని ఇక్కడి ఐతిహ్యం. ఐతిహ్యమే అయినా, పశ్చాత్తాపం తినే అన్నంలోనే కనపడుతుందన్న ఊహ మామూలుది కాదు. నిద్రలో దెయ్యమై వస్తే లేచి దీపం పెట్టుకోవచ్చు, అన్నం మానుకుని ఎన్నాళ్ళు ఉంటాడు?

ఆ తర్వాత జరిగింది చరిత్రే. కొత్త ఊరు కట్టటానికి ఆయన మనుషులు దీపాలదిన్నె అనే మట్టిగుట్టని రాళ్ళ కోసం తవ్వారు. అదే మహాస్తూపం. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికి తవ్వకం సాగుతోంది. మనశ్శాంతి వెతుక్కుంటూ వచ్చాడని జనం చెప్పుకునే మనిషి కాలంలోనే, వందల ఏళ్ళ ప్రశాంతతకి గుర్తుగా నిలిచిన స్తూపం రాళ్ళ గని అయింది. లోపలికి చూసుకున్నంత మాత్రాన ఎదురుగా ఉన్నది కనపడుతుందన్న హామీ లేదు.

వెలి

ఏకాంతాన్ని పొగిడే ప్రతి వ్యాసమూ జాషువా దగ్గర ఆగి తీరాలి. 1895లో మన వినుకొండలో పుట్టిన కవి. 1941 నాటి ‘గబ్బిలం’లో ఒక అస్పృశ్యుడు రాత్రిపూట తన గుడిసెలో దూరిన గబ్బిలంతో గోడు చెప్పుకుంటాడు. గుడిలోకి పోగలిగింది అదొక్కటే కనక శివుడికి తన మాట చేరవేయమంటాడు. ఆ మనిషికి కావలసినంత ఏకాంతం ఉంది. ఊరు దూరంగా పెట్టి, అడగకుండానే ఇచ్చింది. ఏకాంతాన్ని ఇవ్వగలిగే చేయే వెలి కూడా వేయగలదు. కోరుకున్నప్పుడు తలుపు వేసుకోవటం, కోరుకున్నప్పుడు తెరుచుకోవటం, రెండూ మన చేతిలో ఉంటేనే ఏకాంతం. గడియ అవతలివాళ్ళ చేతిలో ఉంటే అది వెలి.

జైలు మరో రకం గడియ. అప్పటి సత్తెనపల్లి తాలూకాలో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళి, అక్కడే ‘మాలపల్లి’ రాశాడు. 1922లో అచ్చయింది, ప్రభుత్వం నిషేధించింది. జైలు గదిలో కూర్చుని ఆయన తన గురించి రాసుకోలేదు, ఒక పల్లె మొత్తాన్ని లోపలికి పిలుచుకున్నాడు.

తెల్లారుజామున, కళ్ళంలో

పుస్తకాలకెక్కని ఏకాంతం పనిలో ఉంటుంది. ఈ పల్లెల్లో మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే మిరప కళ్ళాలు. కనుచూపు మేర ఎర్రగా కాయలు ఆరబోసి, రాత్రి కాపలాకి ఒక మనిషి పట్టా కప్పుకుని పడుకుంటాడు. ఆకాశంలో మబ్బు పడితే లేచి కాయ కుప్ప చేసి పట్టా కప్పాలి. మిగతా రాత్రంతా తనూ, తన లెక్కలూ. కౌలు ఎంత, మందుల కొట్టు బాకీ ఎంత, యార్డులో ధర ఎంత పలుకుతుంది, ఆ రెండెకరాలు ఎక్కువ వేసింది ఎవరి మాట విని. దీన్ని ఆత్మపరిశీలన అని ఎవరూ అనరు, అయినా ఇంత నికరమైన ఆత్మపరిశీలన ఇంకెక్కడా జరగదు. పైగా మిరపఘాటుకి కళ్ళంలో అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. అక్కడ కంటనీరు పెట్టుకున్న మగవాణ్ణి ఎందుకని ఎవరూ అడగరు.

ఆడవాళ్ళకి ఆ మాత్రం చోటు కూడా వాకిట్లోనే. తెల్లారుజామున కల్లాపి చల్లి, ముగ్గుగిన్నెతో వంగిన ఆ పది నిమిషాలూ ఇల్లింకా లేవలేదు, పాలవాడు రాలేదు. చుక్కలు పెట్టేటప్పుడు లెక్క తప్పకూడదు కనక ఎవరూ పలకరించరు కూడా. నెలసరిలో బయట చేరటమనే ఆచారం అవమానమే, అందులో అనుమానం లేదు. అయినా “ఆ మూడు రోజులే నడుం వాల్చింది, నా గురించి నేను ఆలోచించుకుంది” అని చెప్పే పాతతరం అమ్మమ్మలు ఉన్నారు. ఆచారాన్ని మెచ్చుకుంటూ అన్న మాట కాదది. మిగిలిన ఇరవై ఏడు రోజులూ ఎలా గడిచాయో చెప్పే సాక్ష్యం.

తెలుగు ఆడవాళ్ళు పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’లో లక్ష్మణుడి భార్య పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. ఇంటి కోడలికి ఏకాంతం దొరకాలంటే నిద్ర తప్ప ఇంకో సాకు ఆ పాటకి తోచినట్టు లేదు. గుంటూరులో పుట్టిన ఓల్గా ‘విముక్త’లో ఆ నిద్రని విప్పి చూశారు. అక్కడ ఊర్మిళ నిద్రపోలేదు. తలుపులు మూసుకుని తన కోపాన్ని, దుఃఖాన్ని, అధికారమనే మాటకి అర్థాన్ని తరచి తరచి చూసుకుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తనదైన గది ఉండాలని 1929లో వర్జీనియా ఉల్ఫ్ ఇంగ్లండులో రాసిన మాటకి మన వైపు నుంచి ఇంతకంటే మంచి జవాబు నేను చదవలేదు.

పదిహేను నిమిషాల గది

శాస్త్రజ్ఞులు ఏమంటున్నారు? 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ బృందం కొందరిని ఒట్టి గదిలో పదిహేను నిమిషాలు ఆలోచనలతోనే వదిలింది. కావాలంటే చిన్న కరెంటు షాక్ కొట్టించుకునే బటన్ మాత్రం ఉంది. అది బాధగా ఉంటుందని ముందే రుచి చూసి, డబ్బిచ్చైనా తప్పించుకుంటామన్నవాళ్ళే వాళ్ళు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు ఆ బటన్ నొక్కారు. మన చేతిలోని ఫోన్ అంతకంటే మెత్తటి బటన్. నదీస్నానానికి వచ్చి నీళ్ళలో నిలబడి రీలు తీసేవాళ్ళని, అమరావతిలోని 125 అడుగుల ధ్యాన బుద్ధుడి ముందు కళ్ళు మూసుకుని, ఫోటో వచ్చిందా అని ఒక కన్ను తెరిచి చూసేవాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. దిబ్బ మీద కూర్చున్న గంటలో నేనూ నాలుగుసార్లు జేబు తడుముకున్నాను.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. ఆలోచించుకోవటమంతా ఆరోగ్యం కాదు. జరిగినదాన్నే తిప్పితిప్పి తలుచుకోవటం దిగులు రోగాన్ని పెంచుతుందని మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్-హోక్సెమా ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలు తేల్చాయి. ఇంగ్లీషు మనస్తత్వశాస్త్రం దీనికి పశువు నెమరేయటం అనే అర్థమున్న మాట వాడుతుంది. మనకి నెమరేసుకోవటం తీపి పని, పాత జ్ఞాపకాల రుచి. ఆవిడ చెప్పినదానికి మన మాట ‘కుమిలిపోవటం’. కుమ్ములో నిప్పులాగా పైకి మంట లేకుండా లోపలే కాలటం. కళ్ళం కాపలావాడి లెక్కలు ఏ రాత్రి నెమరు నుంచి కుమ్ములోకి దాటతాయో పక్కన ఇంకొకరు ఉంటే తప్ప తెలియదు. ఊరు “ఒంట్లో బాగానే ఉందా” అని అడగటం వెనక ఈ ఎరుక ఉంది.

దాటకుండా ఉండే ఉపాయం ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఈథన్ క్రాస్ పరీక్షించి చూశాడు. తన బాధ గురించి ఆలోచించేటప్పుడు ‘నేను’ అనకుండా తన పేరుతో తననే పిలుచుకుంటే మనసు కాస్త కుదుటపడుతుందని. మనకిది కొత్త సంగతేం కాదు. వేమన మకుటం మీద పండితుల వాదాలెన్ని ఉన్నా, చదివేవాడికి తోచేది ఒక మనిషి తనని తాను పేరుపెట్టి పిలిచి చెప్పుకుంటున్నాడనే. త్యాగరాజు కృతి తర్వాత కృతిలో మనసుని ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తాడు.

అటు చివర ఒంటరితనం. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోందని, దానితో ముడిపడి ఏటా 8,71,000 మంది చనిపోతున్నారని లెక్క చెప్పింది. గుంటూరు, పల్నాడు పల్లెల్లో ఆ అంకెకి మనిషి రూపం ఎలా ఉంటుందో తెలుసు. పిల్లలు అమెరికాలో. రెండంతస్తుల డాబా, సీసీ కెమెరా, హాల్లో ఒక ముసలావిడ. ఆవిడకి కావలసినంత నిశ్శబ్దం ఉంది. రాత్రి తొమ్మిదికి వచ్చే వీడియో కాల్ కోసం ఎనిమిదింటికే కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటుంది. మరోపక్క నాగార్జునసాగర్ హిల్ కాలనీలో విపశ్యన కేంద్రంలో పది రోజులు మాటల్లేకుండా, ఫోన్ అప్పగించేసి ఉండటానికి పట్నాల నుంచి జనం వస్తారు. ఒకరికి విసుగెత్తించే మౌనం కోసం మరొకరు సెలవు పెట్టి రావాలి. అక్కడ కూడా వండి పెట్టే చేతులు, గంట కొట్టి లేపే మనిషి ఉంటేనే ఆ పది రోజులూ సాగుతాయి.

ఈ రెంటికీ మధ్యన బతికి చూపించినవాడు రచయిత సంజీవ్‌దేవ్. కుర్రతనంలో హిమాలయాల దాకా తిరిగి, కులూలో చిత్రకారుడు రోరిక్ ఇంట్లో ఉండి, చివరికి దుగ్గిరాల పక్కన తన తుమ్మపూడికే వచ్చేశాడు. 1999లో పోయేదాకా అక్కడి నుంచే దేశదేశాల మిత్రులకి ఉత్తరాలు రాశాడు. రోజులో కొంతసేపు తలుపు, కొంతసేపు తపాలా.

ఖాళీ ఆసనం

అమరావతి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడు కనపడడు. ఒక ఆసనం చెక్కుతారు, దాని మీద దిండు, కింద రెండు పాదముద్రలు, వెనక బోధివృక్షం. చుట్టూ జనం, ఒకరి భుజం మీదుగా ఒకరు, చేతులు జోడించి. ఆసనం మాత్రం ఖాళీ. అంత కిక్కిరిసిన రాతిలో శిల్పి ఆ జానెడు చోటులో ఏమీ చెక్కలేదు, జనంలో ఒక్కరి మోచెయ్యీ అందులోకి రానివ్వలేదు.

ఏకాంతం మీద ఇంతదూరం వెతికి నేను తేల్చుకున్నది ఆ రాతిలోనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ చోటుని ఖాళీగా ఉంచితేనే మధ్యలో ఏకాంతం నిలుస్తుంది. చర్మకారుడి దానం, తిరుమల తలుపు, ముగ్గు వేసే మనిషిని పలకరించని ఇల్లు, అన్నీ ఆ ఖాళీని కాపాడిన పనులే. మన ఇళ్ళలో గదులు పెరిగాయి, ఒక మనిషిని కాసేపు వదిలేద్దామన్న ఒప్పందం తగ్గింది. భార్య అరగంట ఊరికే కూర్చుంటే ఏమైందని అడుగుతాం. పిల్లాడు కిటికీలోంచి చూస్తుంటే పుస్తకం తియ్యమంటాం. మెసేజ్ చూసి పది నిమిషాలు జవాబివ్వకపోతే అలిగారంటాం. అడగాలి, అడక్కపోతే కళ్ళంలో కుమిలిపోయేవాడు దక్కడు. అడిగాక జవాబు నమ్మి వదిలెయ్యాలి, ఊర్మిళ తలుపు అవతల జరిగే పని మనది కాదు. ఈ రెండో సగాన్నే మనం మరిచిపోయాం.

ఆ పొద్దున పెద్దాయన నా మొహంలోకి ఒకసారి తేరిపార చూశారు. “సరే, కూర్చో మరి” అని గేదెల్ని అదిలించారు. ఎండెక్కాక ఏటి నుంచి తిరిగొస్తున్నప్పుడు నేనింకా అక్కడే ఉన్నాను. దిబ్బ మొదట్లో ఆగారు. ఈసారి ఏమీ అడగలేదు. ముందున్న గేదె అలవాటుగా నా వైపు దారి పట్టబోతే, కర్ర అడ్డం పెట్టి మందని కింద బాట వైపు మళ్ళించుకుని వెళ్ళిపోయారు.